సేనానుల కోశం కూర్చబోతున్న మాస్టారికి

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుణ్ణి. మా అబ్బాయి ఉద్యోగరీత్యా వర్జీనియాలో స్థిరపడినందువల్ల ఏటా ఐదారు నెలలు ఇక్కడే ఉంటున్నాను. ఇంటికి అరగంట దూరంలో మనాసస్ యుద్ధభూమి ఉంది. చిన్నతనంలో ఊరి గ్రంథాలయంలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి లింకన్ చరిత్ర చదివిన నాటినుంచీ అమెరికా అంతర్యుద్ధం మీద నాకు ఆసక్తి. ఆ యుద్ధంలోని సేనానుల జీవిత విశేషాలను అకారాది క్రమంలో తెలుగులో ఒక చిన్న కోశంగా కూర్చాలని పూనుకున్నాను గాని, మొదట్లోనే ఆగిపోయాను. యూనియన్ (ఉత్తరాది) పక్షపు సేనాని గ్రాంట్ 1861 మే 17 నుంచి బ్రిగేడియర్ అని ఒక పుస్తకం, ఆగస్టులో అయ్యాడని మరొక పుస్తకం చెబుతున్నాయి. జూన్‌లో అతడు కల్నల్ అయ్యాడని మాత్రం రెండూ అంటున్నాయి. బ్రిగేడియర్ అయినవాడు ఆ తరువాత కల్నల్ ఎలా అవుతాడు? అపోమాటక్స్‌లో దక్షిణాది సేనాని లీ గ్రాంట్‌కు లొంగిపోయినప్పుడు షరతుల ప్రతిని రాసిన జనరల్ ఈలీ పార్కర్ కోసం యూనియన్ జనరల్స్ పుస్తకమంతా వెదికినా కనిపించలేదు. ఏ పుస్తకాలను నమ్మాలి, వేటిని దగ్గర ఉంచుకోవాలి, హోదాలకు ఏ తెలుగు మాటలు వాడాలి? ఈ వయసులో ఇది నాకు మించిన పనేమో అది కూడా మొహమాటం లేకుండా చెప్పండి.

సమాధానం:

మాస్టారు గారికి నమస్కారాలు.

మీరు రాసిన రెండు చిక్కులకూ మూలం ఒకటే. జీవితచరిత్ర కోశాన్ని మనం నిఘంటువును తెరిచినట్టు తెరుస్తాం. కావలసిన పేరు వెదికి, దొరికిన నాలుగు వాక్యాలు చదివి, మూసేస్తాం. పీఠిక జోలికి పోము. సేనానుల కోశాల విషయంలో మాత్రం పీఠికే సగం పుస్తకం. ఎవరిని జనరల్‌గా లెక్కించారు, హోదా వచ్చిన తేదీ అంటే ఏ తేదీని తీసుకున్నారు అనే రెండు నియమాలు అక్కడే ఉంటాయి. లోపలి వేల వివరాలన్నీ ఆ నియమాల వెనకే నడుస్తాయి. మీ దగ్గరున్న రెండు పుస్తకాల్లో ఏదీ తప్పు చెప్పలేదని, రెండూ రెండు వేర్వేరు నియమాలను పాటించాయని నా అభిప్రాయం.

గ్రాంట్ సంగతి తీసుకుందాం. మీరు ఉపాధ్యాయులుగా పనిచేశారు కనుక మీకు ఇది చిటికెలో బోధపడుతుంది. మన సర్వీసు రిజిస్టరులో పదోన్నతికి ఉత్తర్వు వెలువడిన తేదీ ఒకటి, కొత్త స్థానంలో చేరిన తేదీ మరొకటి, సీనియారిటీకి లెక్కలోకి తీసుకునే నోషనల్ తేదీ ఇంకొకటి ఉండడం మనకు కొత్త కాదు గదా! గ్రాంట్‌కు జరిగిందీ అదే. 1861 జూన్‌లో అతడు 21వ ఇలినాయ్ రెజిమెంటుకు కల్నల్ అయ్యాడు. జూలై చివర లింకన్ అతని పేరును బ్రిగేడియర్ జనరల్ హోదాకు ప్రతిపాదించాడు, ఆగస్టు మొదటి వారంలో సెనేట్ ఆమోదించింది, సీనియారిటీని మాత్రం వెనక్కి జరిపి మే 17 నుంచి ఇచ్చారు. అంటే మే 17 అనేది నోషనల్ తేదీ. ఆ రోజున గ్రాంట్ ఇంకా కల్నల్ కూడా కాడు. అదే తేదీ అతనొక్కడికే కాక మరికొందరికీ దక్కింది. వారిలో షెర్మన్ ఒకడు. మీరు నడిచి చూసిన మనాసస్ నేలమీద 1861 జూలై 21న ఒక బ్రిగేడ్‌ను నడిపిన షెర్మన్, ఆ రోజున కల్నలే. కాగితం మీద మాత్రం రెండు నెలల ముందునుంచే బ్రిగేడియర్ జనరల్. అందువల్ల మీ కోశంలో హోదా పక్కన ఒకే తేదీ రాసి ఊరుకోవద్దు. ప్రతిపాదన లేదా నియామకం, సెనేట్ ఆమోదం, సీనియారిటీ అనే మూడింటికీ మూడు గళ్లు గీసుకుని, దొరికినవి నింపండి. అచ్చులో మూడూ ఇవ్వనక్కరలేదు, కాని మీ చీటీ మీద మూడూ ఉండాలి.

సీనియారిటీ తేదీలు ఎంత పట్టింపుగల వ్యవహారమో దక్షిణాది పక్షంలో జరిగిన ఒక తగవు చెబుతుంది. 1861 ఆగస్టు 31న కాన్ఫెడరేట్ పక్షంలో, అంటే అమెరికా నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల పక్షంలో, ఐదుగురిని పూర్తి జనరల్స్‌గా ఖాయం చేశారు. శామ్యూల్ కూపర్‌కు మే 16, ఆల్బర్ట్ సిడ్నీ జాన్‌స్టన్‌కు మే 30, రాబర్ట్ లీకి జూన్ 14, జోసెఫ్ జాన్‌స్టన్‌కు జూలై 4, బోరిగార్డ్‌కు జూలై 21 సీనియారిటీ తేదీలుగా పడ్డాయి. పాత అమెరికా సైన్యంలో తాను వీరందరికంటె పై హోదాలో ఉండి వచ్చానన్నది జోసెఫ్ జాన్‌స్టన్ వాదన. తనను నాలుగో స్థానంలో పెట్టారని అతడు అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్‌కు ఘాటైన ఉత్తరం రాశాడు. ఆ తరువాత యుద్ధం ముగిసేదాకా ఆ ఇద్దరికీ పొసగలేదు. సీనియారిటీ జాబితా బయట పెట్టిన రోజున జిల్లా విద్యాశాఖ కార్యాలయం మెట్ల మీద కనిపించే ముఖాలను తలుచుకుంటే జాన్‌స్టన్ కోపం మీకు నాకంటె బాగా అర్థమవుతుంది.

ఇక పార్కర్. మీరు వెదికినది ఎజ్రా వార్నర్ కూర్చిన ‘జనరల్స్ ఇన్ బ్లూ’ అయి ఉండాలి. లూసియానా స్టేట్ యూనివర్సిటీ ప్రెస్ 1964లో ప్రచురించిన ఆ పుస్తకంలో 583 మంది యూనియన్ జనరల్స్ జీవిత విశేషాలున్నాయి. దానికి ఐదేళ్ల ముందు, 1959లో, అదే రచయిత కాన్ఫెడరేట్ పక్షంలోని 425 మందిని ‘జనరల్స్ ఇన్ గ్రే’లో చేర్చారు. నీలం, బూడిద రంగులు ఆయా సైన్యాల దుస్తుల రంగులని మీకు తెలిసిందే. వార్నర్ పెట్టుకున్న నియమం ఒక్కటే: పూర్తి స్థాయి జనరల్ హోదా పొందినవారికే ప్రవేశం. ఈలీ పార్కర్ పొందినది బ్రెవెట్ హోదా. బ్రెవెట్ అంటే పేరుకు పై హోదా, అధికారానికీ జీతానికీ సాధారణంగా కింది హోదా. సెనెకా తెగకు చెందిన ఈ ఇంజనీరు, గ్రాంట్‌కు సైనిక కార్యదర్శిగా, లెఫ్టినెంట్ కల్నల్ హోదాలో, 1865 ఏప్రిల్ 9న అపోమాటక్స్‌లోని ఆ గదిలో కూర్చుని లొంగుబాటు షరతులను సిరాతో శుద్ధప్రతిగా రాశాడు. బ్రెవెట్ బ్రిగేడియర్ జనరల్ హోదాను అతనికి ఆ తేదీ నుంచే ఇచ్చారు. అందుకే యుద్ధభూమిలోని సమాచార ఫలకం మీద జనరల్ అయిన పార్కర్‌కు వార్నర్ పుస్తకంలో జీవితకథ లేదు.

బ్రెవెట్ గొడవ ఇంతటితో తీరదు. యూనియన్ పక్షంలో వెయ్యిమందికి పైగా అధికారులు ఈ గౌరవ హోదాతోనే జనరల్ అనిపించుకున్నారు. వారిలో చాలామందికి పడిన తేదీ 1865 మార్చి 13. యుద్ధం ముగిసిన ఎన్నో నెలల తరువాత మంజూరైన వాటికి కూడా వెనక్కి జరిపి అదే తేదీ వేశారు. కనుక ఎవరి పేరు పక్కనైనా మార్చి 13 కనిపిస్తే ఆ రోజున ఏదో ఘనకార్యం జరిగిందని భ్రమపడవద్దు. ఈ వర్గం కోసమే రోజర్ హంట్, జాక్ బ్రౌన్ 1990లో విడిగా ఒక కోశం తెచ్చారు. పార్కర్ లాంటివారిని వెదకవలసిన చోటు అది. పైగా ఒకే మనిషికి స్థాయీ సైన్యంలో ఒక హోదా, వలంటీర్ల సైన్యంలో ఒక హోదా, రెండింటిలోనూ వేర్వేరు బ్రెవెట్లు ఉండవచ్చు. 1876లో లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర చనిపోయిన కస్టర్‌ను అందరూ జనరల్ కస్టర్ అనే అంటారు. ఆనాడు అతని అసలు హోదా లెఫ్టినెంట్ కల్నల్.

దక్షిణాది పక్షంలో బ్రెవెట్లు కాదు, మరో రకం తలనొప్పి. 1863 జూలైలో విక్స్‌బర్గ్ పతనమయ్యాక మిసిసిపీ నదికి పడమట ఉన్న ప్రాంతం రాజధానికి దాదాపు అందకుండా పోయింది. అక్కడి సేనాధిపతి కర్బీ స్మిత్ పైవారి ఆమోదం వస్తుందన్న నమ్మకంతో కొందరికి జనరల్ బాధ్యతలు అప్పగించాడు. ఆ ఆమోదం కొందరికి వచ్చింది, కొందరికి రానేలేదు. రానివారు జనరల్స్ అవుతారా, కారా? రాష్ట్రాల మిలీషియా (పౌరసేన) జనరల్స్‌ను ఎక్కడ పెట్టాలి? వార్నర్ 425 దగ్గర గీత గీశారు. ఆ గీతకు అవతల మిగిలిపోయిన వారిని బ్రూస్ అలర్డైస్ 1995లో ‘మోర్ జనరల్స్ ఇన్ గ్రే’ అన్న పుస్తకంలో చేర్చారు. నాకు వ్యక్తిగతంగా ఈ రెండో పుస్తకం అంటేనే ఎక్కువ ఇష్టం. గుమ్మం బయట నిలబడినవారి కథల్లోనే గుమ్మం ఎంత ఎత్తో తెలుస్తుంది.

తేదీల కోసం మాత్రం మీరు చేతికింద ఉంచుకోవలసినది జాన్ ఐకర్, డేవిడ్ ఐకర్ అనే తండ్రీకొడుకులు కూర్చిన ‘సివిల్ వార్ హై కమాండ్స్’. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ 2001లో వేసిన ఈ వెయ్యి పేజీల గ్రంథంలో కథ ఉండదు, చదివి ఆనందించేది ఏమీ ఉండదు. ప్రతి వ్యక్తికీ హోదాలు, నియామకాలు, సీనియారిటీ తేదీలు, నడిపిన దళాలు పొడి పొడి మాటల్లో వరసగా ఉంటాయి. వార్నర్ దగ్గర మనిషిని చూసి, ఐకర్ల దగ్గర తేదీని సరిచూసుకోవడం మంచి పద్ధతి. రెండూ విభేదించిన చోట, 1880 నుంచి 1901 వరకు అమెరికా ప్రభుత్వమే 128 సంపుటాలుగా అచ్చు వేసిన అధికారిక పత్రాలలోకి వెళ్లాలి. యుద్ధకాలపు నివేదికలు, ఉత్తరాలు, ఆజ్ఞలు అందులో ఉన్నాయి. వాటిలోని కాన్ఫెడరేట్ కాగితాలు మనదాకా రావడానికి కారణం, ఆ పక్షపు అడ్జుటెంట్ జనరల్ (సైన్యపు పరిపాలన, దస్త్రాలు చూసే అధికారి) కూపర్ తన దగ్గరున్న దస్త్రాలను తగలబెట్టకుండా గెలిచినవారికి అప్పగించడం. జోసెఫ్ జాన్‌స్టన్‌కు అంత కోపం తెప్పించిన జాబితాలో మొదటి పేరు ఈయనదే.

పాత కోశాలు చాలావరకు కాపీహక్కు గడువు దాటి ఉచితంగా దొరుకుతాయి గనుక వాటి మీదికి మనసు పోతుంది. వాటిని వాడండి, అయితే ఎవరు రాశారో చూసి వాడండి. వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయ పట్టభద్రులందరి వివరాలను వరస సంఖ్యలతో నమోదు చేసిన జార్జ్ కల్లమ్ స్వయంగా యూనియన్ జనరల్. ఆయన ఇచ్చిన సంఖ్యలను ఇప్పటికీ కల్లమ్ సంఖ్యలనే అంటారు. లీ సంఖ్య 542, గ్రాంట్ సంఖ్య 1187. ఆ పుస్తకంలో లీ పేజీ తీసి చూడండి. 1829 తరగతిలో రెండోవాడుగా ఉత్తీర్ణుడు కావడం, మెక్సికో యుద్ధం, అన్నీ వివరంగా ఉంటాయి. 1861 ఏప్రిల్ 25న రాజీనామా అన్న దగ్గర ఆగి, అమెరికా సంయుక్త రాష్ట్రాలపై తిరుగుబాటులో చేరాడు అన్న అర్థం వచ్చే ఒక్క వాక్యంతో ఆ నాలుగేళ్ల యుద్ధాన్నీ కల్లమ్ ముగించేస్తాడు. లీ ఒక్కడికే కాదు, అటు వెళ్లిన ప్రతివాడికీ అదే ముక్క. ఇది కోశకర్త చేతిలోని శిక్ష. దీనికి ఎదురుగా, 1899లో క్లెమెంట్ ఎవాన్స్ సంపాదకత్వంలో వచ్చిన 12 సంపుటాల ‘కాన్ఫెడరేట్ మిలిటరీ హిస్టరీ’ ఉంది. ఎవాన్స్ కూడా మాజీ కాన్ఫెడరేట్ జనరలే కనుక అందులో ఓడినవారందరూ వీరులే. చదువుతుంటే యుద్ధం బానిసత్వం గురించి జరిగిందన్న సంగతి మరిచిపోయే ప్రమాదం ఉంది.

కొత్తదైనా పాతదైనా ఒక కోశాన్ని కొనేముందు నేను రెండు పేర్లు తీసి చూస్తాను. మొదటిది నేథన్ బెడ్‌ఫర్డ్ ఫారెస్ట్. సిపాయిగా చేరి లెఫ్టినెంట్ జనరల్ దాకా ఎదిగిన అశ్వికదళ నాయకుడని ప్రతి పుస్తకమూ రాస్తుంది. యుద్ధానికి ముందు అతడు బానిసల వ్యాపారి అని, 1864 ఏప్రిల్ 12న ఫోర్ట్ పిల్లో దగ్గర అతని దళాలు లొంగిపోతున్న నల్లజాతి సైనికులను ఊచకోత కోశాయని, యుద్ధం తరువాత అతడు శ్వేతజాతి దౌర్జన్యాల రహస్య సంఘమైన కూ క్లక్స్ క్లాన్‌లో నాయకుడని కూడా రాసిందా అన్నది నా పరీక్ష. రెండోది జేమ్స్ లాంగ్‌స్ట్రీట్. గెటిస్‌బర్గ్ ఓటమికి ఇతడే కారణమని పాత దక్షిణాది రచనలు ముక్తకంఠంతో అంటాయి. లాంగ్‌స్ట్రీట్ యుద్ధం తరువాత రిపబ్లికన్ పార్టీలో చేరడం, 1874 సెప్టెంబరులో న్యూ ఆర్లియన్స్ వీధుల్లో శ్వేతజాతి అల్లరిమూకలకు ఎదురు నిలిచి నల్లజాతివారు కూడా ఉన్న మిలీషియాను నడపడం ఆ కోపానికి ఎంత కారణమో చెప్పని వ్యాసాన్ని నేను సగమే నమ్ముతాను.

మరో విషయం కూడా మనసులో పెట్టుకోండి. యూనియన్ సైన్యపు నల్లజాతి రెజిమెంట్లలో సుమారు 1,79,000 మంది పనిచేశారు. కాని జనరల్స్ కోశాల్లో వారి పేరు ఒక్కటి కూడా ఉండదు, ఎందుకంటే ఆ హోదాకు వారిని రానివ్వలేదు. 1865లో మేజర్ హోదా పొందిన మార్టిన్ డిలేనీ దగ్గరే ఆ నిచ్చెన దాదాపు ఆగిపోయింది. మీ కోశం పీఠికలో ఈ మాట ఒక పేరాగా ఉండాలని నా సలహా.

పేర్ల విషయంలో తెలుగు లిపి మిమ్మల్ని రెండింతలు ఇబ్బంది పెడుతుంది. జాన్‌స్టన్లు, జాన్సన్లు ఇంగ్లీషులోనే ఒకరికొకరు అడ్డుపడతారు. తెలుగులో ఒక్క ట-వత్తు జారిపోయిందంటే షైలో దగ్గర చనిపోయిన ఆల్బర్ట్ సిడ్నీ జాన్‌స్టన్ కాస్తా మరొకడైపోతాడు. లీలు అరడజను మంది ఉన్నారు. కాన్ఫెడరేట్ అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ అయితే, యూనియన్ పక్షంలో జెఫర్సన్ సి. డేవిస్ అనే జనరల్ ఉన్నాడు. ఇతడు 1862 సెప్టెంబరులో లూయీవిల్ హోటల్లో తన సాటి యూనియన్ జనరల్ విలియం నెల్సన్‌ను పిస్తోలుతో కాల్చి చంపినవాడు. 1864 నవంబరు 30న టెనెసీలోని ఫ్రాంక్లిన్ దగ్గర జరిగిన యుద్ధంలో ఆరుగురు కాన్ఫెడరేట్ జనరల్స్ పోయారని ప్రసిద్ధి. కొన్ని చోట్ల ఐదుగురనే ఉంటుంది, ఎందుకంటే ఆరోవాడైన జాన్ కార్టర్ గాయపడి డిసెంబరు 10న మరణించాడు. ఆ యుద్ధం జరిగిన తోటలోని కార్టర్ ఇల్లు ఇతనిది కాదు. ఆ ఇంటివాడైన కెప్టెన్ టాడ్ కార్టర్ వేరు, అతడూ అక్కడే గాయపడి సొంత ఇంట్లోనే ప్రాణం విడిచాడు. వీరిద్దరినీ ఒకే చీటీ మీదికి ఎక్కించిన అనుభవం నాకుంది. అది అచ్చయి, ఒక పాఠకుడు ఎర్ర సిరాతో గీసి పంపేదాకా నాకు తెలియలేదు.

యుద్ధాలకు కూడా రెండేసి పేర్లు. ఉత్తరాదివారు దగ్గరి వాగు పేరు పెట్టుకుంటే దక్షిణాదివారు దగ్గరి ఊరి పేరు పెట్టుకున్నారు. బుల్ రన్ అన్నా మనాసస్ అన్నా ఒకటే, ఆంటీటమ్ అన్నా షార్ప్స్‌బర్గ్ అన్నా ఒకటే. మీరున్న చోటి అలవాటు మనాసస్ కనుక దానినే వాడి, రెండో పేరును ఒక్కసారి పీఠికలో చెప్పి వదిలేయండి.

హోదాల మాటలకు వస్తే, మీ ఉత్తరంలో గ్రాంట్‌ను రెండుచోట్ల బ్రిగేడియర్ అన్నారు. ఆ అలవాటు మానుకోవలసి ఉంటుంది. మన సైన్యంలో బ్రిగేడియర్‌ను జనరల్స్‌లో లెక్కించరు. అమెరికాలో బ్రిగేడియర్ జనరల్ అంటే జనరల్స్‌లో మొదటి మెట్టు. కుదించి రాస్తే మన పాఠకుడు అతణ్ణి ఒక మెట్టు దించి చదువుతాడు. సేనాపతి, దళపతి, దండనాయకుడు వంటి మాటలు పౌరాణిక నాటకంలో బాగుంటాయి గాని నాలుగు స్థాయిల జనరల్స్‌ను విడదీయలేవు. బ్రిగేడియర్ జనరల్, మేజర్ జనరల్, లెఫ్టినెంట్ జనరల్, జనరల్ అని ఉన్నదున్నట్టే రాయండి. బ్రిగేడ్, డివిజన్, కోర్ కూడా అంతే. ఒక హెచ్చరిక మాత్రం పీఠికలో ఉండాలి. 1864 మార్చిలో గ్రాంట్‌ను లెఫ్టినెంట్ జనరల్ చేసేదాకా యూనియన్ పక్షపు క్షేత్ర సైన్యాలలో మేజర్ జనరల్‌ను మించిన హోదా లేదు. అందువల్ల గెటిస్‌బర్గ్‌లో లీ జనరల్, అతణ్ణి ఎదుర్కొన్న మీడ్ మేజర్ జనరల్. ఇద్దరూ చెరొక సైన్యానికి అధిపతులే. హోదా పేరు చూసి చిన్నా పెద్దా తేల్చే పాఠకుడు ఇక్కడ మోసపోతాడు. బొమ్మలు చూసి తేల్చుకుందామన్నా కుదరదు, కాన్ఫెడరేట్ జనరల్స్ అందరికీ, ఏ మెట్టువారికైనా, ఆకుల దండలో మూడు నక్షత్రాలే చిహ్నం.

సమాఖ్య అనే మాటను ఏ పక్షానికీ వాడవద్దని నా మనవి. ఫెడరల్ అన్నదానికీ కాన్ఫెడరేట్ అన్నదానికీ మనవాళ్లు దానినే వాడి చాలా గందరగోళం చేశారు. యూనియన్ పక్షం, కాన్ఫెడరేట్ పక్షం అనండి. సైన్యాలను ఉత్తరాది, దక్షిణాది అనడంలో ఇబ్బంది లేదు గాని వ్యక్తులను అలా అనకండి. విక్స్‌బర్గ్‌ను 1863 జూలై 4న గ్రాంట్‌కు అప్పగించిన కాన్ఫెడరేట్ జనరల్ పెంబర్టన్ ఫిలడెల్ఫియాలో పుట్టినవాడు. అన్నదమ్ములే చెరోవైపు నిలిచిన ఇళ్లున్నాయి. వర్జీనియాకు చెందిన టెరిల్ సోదరుల్లో విలియం యూనియన్ జనరల్‌గా 1862 అక్టోబరు 8న పెరీవిల్ దగ్గర మరణిస్తే, జేమ్స్ కాన్ఫెడరేట్ కల్నల్‌గా 1864 మే 30న బెథెస్డా చర్చి దగ్గర మరణించాడు. జేమ్స్‌ను బ్రిగేడియర్ జనరల్‌ను చేస్తూ కాన్ఫెడరేట్ సెనేట్ ఆమోదించినది ఆ మరునాడు. ఆ హోదా వచ్చేనాటికి దాన్ని అందుకోవలసినవాడు లేడు. జనరల్స్ కోశంలో మాత్రం అతనికి చోటు దక్కింది.

ఇక మీ కోశంలో ఒక్కో వ్యాసం ఎంత నిడివిలో ఉండాలో చూపడానికి ఒక నమూనా రాస్తున్నాను. మార్చుకోండి, కాని ఇంతకు మించి పెంచకండి.

“థామస్, జార్జ్ హెన్రీ (1816 జూలై 31 – 1870 మార్చి 28). యూనియన్. వర్జీనియా, సౌతాంప్టన్ కౌంటీలో జననం. 1831లో నాట్ టర్నర్ నాయకత్వాన బానిసల తిరుగుబాటు జరిగింది ఈ కౌంటీలోనే. వెస్ట్ పాయింట్, 1840. సొంత రాష్ట్రం విడిపోయినా అమెరికా సైన్యంలోనే ఉండిపోయాడు. చికమాగా యుద్ధంలో (1863 సెప్టెంబరు 19–20) సైన్యంలో పెద్ద భాగం చెదిరిపోగా తన దళాలతో నిలబడి, ‘చికమాగా బండ’ అనిపించుకున్నాడు. నాష్‌విల్ దగ్గర (1864 డిసెంబరు 15–16) కాన్ఫెడరేట్ జనరల్ హుడ్ సైన్యాన్ని ఛిన్నాభిన్నం చేశాడు. శాన్ ఫ్రాన్సిస్కోలో మరణం. సమాధి న్యూయార్క్ రాష్ట్రం ట్రాయ్ పట్టణంలో.”

అతడు యూనియన్ వైపు ఉండిపోయాడని తోబుట్టువులు అతని పటాన్ని గోడవైపు తిప్పారన్న కథ మీకు పదిచోట్ల ఎదురవుతుంది. కథ బాగుంటుంది, కాని కోశంలోకి ‘అని చెప్పుకుంటారు’ అన్న మాట లేకుండా రానీయకండి. హోదాల గళ్లను నమూనాలో వదిలేశాను, అవి మీరు ఐకర్ల పుస్తకం చూసి నింపాలి.

పుస్తకాలన్నీ కొనవద్దు. వార్నర్ రెండు పుస్తకాలూ పాతవి దొరికితే చాలు, కొనండి. తక్కినవాటిని అబ్బాయి గ్రంథాలయ కార్డు మీద వేరే ఊళ్లనుంచి కూడా తెప్పించుకోవచ్చు. మీరు వాషింగ్టన్‌కు అంత దగ్గరలో ఉండి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు వెళ్లకపోతే నేను బాధపడతాను. పాస్‌పోర్టు చూపితే పాఠకుల కార్డు ఉచితంగా ఇస్తారు. పుస్తకం ఇంటికి ఇవ్వరు, అక్కడే కూర్చుని చదువుకోవాలి. మనకు కావలసిందీ అదే. ఒక చిన్న సరదా పుస్తకం కూడా అక్కడ అడగండి. జాక్ వెల్ష్ అనే వైద్యుడు ఇరుపక్షాల జనరల్స్ రోగాలను, గాయాలను మాత్రమే విడివిడి సంపుటాలుగా కూర్చారు. మీ మనాసస్ పక్కనే గ్రోవ్‌టన్ దగ్గర 1862 ఆగస్టు 28న కాలు పోగొట్టుకున్న కాన్ఫెడరేట్ జనరల్ యూవెల్ గురించి అందులో చదివి, మరుసటి వారం ఆ చోటికి నడిచి వెళ్లండి.

చివరిగా, ఇది మీకు మించిన పనా? వెయ్యిమందిని చేర్చాలనుకుంటే ఎవరికైనా మించిన పనే. మీరు మొదటి సంపుటానికి ఒక చిన్న గుమ్మం పెట్టుకోండి. 1861 జూలై 21 నాటి మొదటి మనాసస్ యుద్ధంలో బ్రిగేడ్‌ను గాని అంతకు పెద్ద దళాన్ని గాని నడిపినవారికే ప్రవేశం అనండి. ఇరువైపులా కలిపి సుమారు ముప్పై మంది వస్తారు. మెక్‌డొవెల్, షెర్మన్, బర్న్‌సైడ్, హోవార్డ్ యూనియన్ వైపు, బోరిగార్డ్, జోసెఫ్ జాన్‌స్టన్, జాక్సన్, లాంగ్‌స్ట్రీట్, యూవెల్ కాన్ఫెడరేట్ వైపు. జాక్సన్‌కు ‘రాతిగోడ’ అని పేరు పెట్టి, అదే రోజున ప్రాణాంతకంగా గాయపడిన బార్నర్డ్ బీ కూడా వస్తాడు. పార్కర్ రాడు. మిమ్మల్ని ఇంత కష్టపెట్టిన గ్రాంట్ కూడా రాడు, ఆ జూలైలో అతడు ఎక్కడో మిసోరీలో ఉన్నాడు. హోదాను కాక నడిపిన దళాన్ని నియమంగా పెట్టుకుంటున్నారు కనుక కల్నల్స్ కూడా వస్తారు. ఒక బ్రిగేడ్‌ను నడుపుతూ ఆ రోజే కూలిపోయిన జార్జియావాసి ఫ్రాన్సిస్ బార్టో అలాంటివాడు. అతణ్ణి చాలాచోట్ల జనరల్ అని రాస్తారు. మీరు మాత్రం కల్నల్ అనే రాయండి.